అల్పసంతోషం దోషమా?

మన ఇళ్ళలో తరచు వినిపించే మాట ఒకటి ఉన్నది: "వాడు వట్టి అల్పసంతోషి." కొంచెం దొరికితే చాలు, పొంగిపోయి అక్కడే ఆగిపోతాడని దాని భావం. ఆ మాటలో కోపం ఉండదు. జాలి, చిన్నచూపు కలిసి ఉంటాయి. పిల్లలు అల్పసంతోషులు కారాదని పెద్దలు హెచ్చరించడం వెనుక ఉన్నది మంచి ఉద్దేశమే. అయినా, ఈ మధ్యనే కలం పట్టిన నాకు ఆ మాట మీద ఒక సందేహం కలిగింది. చిన్న విజయానికి సంతోషించడం నిజంగా దోషమేనా? లేక ఆ సంతోషాన్ని తోసిపుచ్చడంలోనే మరొక దోషం దాగి ఉన్నదా? ఈ సందేహం గ్రంథాలు చదివితే పుట్టినది కాదు. మనామాలో గుడి బయట, దర్శనం ముగించుకుని చెప్పులు వేసుకుంటూ ఉండగా పుట్టినది.

నిరుడు ఉగాదికి వెలువడిన ఒక చిన్న సంచికలో నా మొదటి వ్యాసం అచ్చయింది. పాలకొల్లులో మా అమ్మమ్మ డాబా మీద గుమ్మడి వడియాలు పెట్టడం, కాకులు వాలకుండా పిల్లలమంతా కర్రలు పట్టుకుని కాపలా కూర్చోవడం, ఇదీ అందులోని విషయం. మొత్తం రెండు పుటలు. ఆ రెండు పుటలు రాయడానికి నాకు రెండు నెలలు పట్టింది. అచ్చులో చూసుకున్న రాత్రి ఎవరికీ చెప్పకుండా నాలుగుసార్లు చదువుకున్నాను.

తరువాతి శుక్రవారం గుడిలో ఒక మామ్మగారు నన్ను ఆపారు. కొడుకు దగ్గర కొన్ని నెలలు ఉండి వెళ్ళడానికి వచ్చినవారు. "ఆ వడియాల సంగతి రాసింది నువ్వేనటగా అమ్మా! రెండుసార్లు చదివాను. బందరులో మా అమ్మ డాబా కళ్ళకు కట్టిందంటే నమ్ము" అన్నారు.

నేను తడుముకోకుండా జవాబు చెప్పాను: "అబ్బే, ఏదో రాశానండీ. అందులో ఏముంది?"

ఆవిడ ఇంకా ఏదో చెప్పబోయి ఆగిపోయారు. "సరేనమ్మా" అని చిన్నగా నవ్వి, కొడుకు కారు వైపు నడిచారు. నేను వినయంగా ప్రవర్తించాననే అనుకున్నాను. తొమ్మిదేళ్ళ మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని ఇదంతా వింటూ ఉన్నది.

ఆ వారంలోనే అమ్మాయి సముద్రం గురించి తెలుగులో ఐదు వాక్యాలు రాసింది. ఇక్కడే పుట్టిన పిల్ల. బడిలో ఇంగ్లీషు, హిందీ, అరబ్బీ. తెలుగు వారానికి ఒక్క గంట. ఐదు వాక్యాలంటే దానికి చిన్న పని కాదు. వాళ్ళ నాన్న ముచ్చటపడి "ఏం రాశావు తల్లీ, చూపించు" అని అడిగారు. అది పుస్తకం మూసేసి, "అందులో ఏముంది నాన్నా?" అన్నది. మాట నాది, మాటలోని విరుపు కూడా నాదే. ఆ పుస్తకం ఆ తరువాత కొన్ని వారాల పాటు తెరుచుకోలేదు.

నేను వినయమనుకున్నది పిల్లకు వేరొక పాఠంగా అందింది. మనం రాసినదానిలో ఏమీ ఉండదనీ, ఎవరైనా బాగుందంటే నమ్మకూడదనీ అది నేర్చుకున్నది. తెలుగు నేర్చుకోవడానికి ఇల్లు తప్ప వేరే ఆధారం లేని పిల్లకు ఆ పాఠం చాలా ఖరీదైనది. అందువల్ల నా జవాబును నేను మళ్ళీ పరిశీలించుకోక తప్పలేదు.

మెప్పు ఎదురైనప్పుడు మనం ఎందుకు వెనుకాడతాం? ముందుగా, మదం భయం. కామ క్రోధ లోభ మోహ మద మాత్సర్యాలనే ఆరు లోపలి శత్రువులలో మదం ఒకటని చిన్ననాటి నుండి వింటూ వచ్చాం. తరువాత, దిష్టి భయం. మంచిని పైకి చెప్పుకుంటే నిలవదని మనలో చాలామందికి లోలోపల ఒక జంకు. ఇక మూడవది, ఎదుగుదల ఆగిపోతుందన్న భయం. ఉన్నదానితో తృప్తిపడిన రాజు చెడిపోతాడని నీతిశాస్త్రం కూడా హెచ్చరించింది. ఈ భయాలు అర్థం లేనివని నేను అనను. కాని ఇవి మూడు వేరువేరు విషయాలను ఒకటిగా కలిపివేస్తున్నాయి. సంతోషం వేరు, తృప్తి వేరు, గర్వం వేరు.

సంతోషం జరిగిన పనిని చూస్తుంది: ఒక వాక్యం కుదిరింది, ఒక మనిషి హృదయానికి చేరింది. తృప్తి ముందున్న దారిని చూస్తుంది: ఇక నడవనక్కరలేదంటుంది. గర్వం పక్కవారిని చూస్తుంది: వారికంటె నేనెక్కువ అంటుంది. చూపు పడే చోటే వేరైనప్పుడు, మొదటిది ఉంటే మిగిలిన రెండూ వచ్చి తీరుతాయని భయపడనక్కరలేదు. సంతోషిస్తూనే ముందుకు నడవవచ్చు. సంతోషిస్తూనే ఇతరుల ముందు తల వంచవచ్చు.

మన సాహిత్య చరిత్రలోనే దీనికొక నిదర్శనం ఉన్నది. గురజాడ అప్పారావు పేరు వినగానే మనకు కన్యాశుల్కం గుర్తుకు వస్తుంది. కాని ఆయన తొలి అడుగులు తెలుగులో పడలేదు. 1862లో పుట్టిన గురజాడ, ఇరవై దాటిన వయసులో, ఇంగ్లీషులో 'సారంగధర' అనే కావ్యం రాశారు. అది 1883లో 'ఇండియన్ లీజర్ అవర్' అనే పత్రికలో వెలువడింది. కలకత్తాలో 'రీస్ అండ్ రయ్యత్' పత్రికకు సంపాదకుడైన శంభుచంద్ర ముఖర్జీ దానిని మెచ్చుకుని, మాతృభాషలో రాయవలసిందిగా ఆ యువకుణ్ణి ప్రోత్సహించారు. లోకం దృష్టిలో అది చాలా చిన్న విజయం. విజయనగరంలోని ఒక యువకుడి కావ్యాన్ని ఎక్కడో కలకత్తాలో ఒక సంపాదకుడు మెచ్చుకున్నాడు, అంతే. కాని ఆ మెప్పుతో పాటు వచ్చిన సలహా, కాలక్రమంలో తెలుగు సాహిత్యానికే మేలు చేసింది.

తరువాతి కథ కూడా మన ప్రశ్నకు సంబంధించినదే. కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ప్రదర్శితమై ప్రజల ఆదరణ పొందింది. 1897లో పుస్తకంగా వచ్చింది. గురజాడ అక్కడితో ఆగి ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. ఆయన ఆగలేదు. పన్నెండేళ్ళ తరువాత, 1909లో, ఆ నాటకాన్ని దాదాపు కొత్త నాటకమనదగినంతగా తిరగరాసి మళ్ళీ ప్రకటించారు. నేడు మనం కన్యాశుల్కమని చదువుతున్నది ఆ రెండవ కూర్పునే. మెప్పు పొందిన రచనను కూడా మళ్ళీ సాన పట్టవచ్చునని ఆ రెండు కూర్పులూ సాక్ష్యం చెబుతున్నాయి. మెప్పును స్వీకరించడం వల్ల కలం మొద్దుబారదు. ఇక చాలునని అనుకోవడం వల్ల మొద్దుబారుతుంది.

అయితే విజయాలకంటె వైఫల్యాలే ఎక్కువగా ఉండే చోట ఈ సంతోషం ఎంత పనిచేస్తుంది? నా రెండవ వ్యాసం తిరిగి వచ్చింది. మూడవదానికి జవాబే రాలేదు. కొత్తగా రాసే ప్రతివారి అనుభవమూ ఇంచుమించు ఇదే. ఈ విషయంలో నాకు కొంత తెలివిడి కలిగించినది ఏ పుస్తకమూ కాదు, మనం నివసించే ఈ దీవి.

చలికాలపు సెలవుల్లో ఒకనాడు అమ్మాయిని తీసుకుని ముహర్రఖ్ పాత వీధులకు వెళ్ళాం. అక్కడి ముత్యాల బాటను 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. సముద్రంలోని మూడు ముత్యపుచిప్పల తావులు, బూ మాహిర్ కోట దగ్గరి తీరం, పట్టణంలోని 17 కట్టడాలు కలిసి ఆ వారసత్వం. నూనె బయటపడకముందు బహ్రెయిన్‌కు ముత్యమే జీవనాధారం. ఇక్కడి ముత్యాలు బొంబాయి మీదుగా హైదరాబాదు దాకా ప్రయాణం చేశాయి. మన అమ్మమ్మలు బస్రా ముత్యాలని మురిసిపోయిన వాటిలో ఎన్నో ఈ జలాల్లో పుట్టినవే. అందమైన చేతిరాతను చూసి "ముత్యాల్లాంటి అక్షరాలు" అనే అలవాటు మనది. ఆ ఉపమానానికి మూలమైన వస్తువు ఈ జలాల్లోనే దొరికేదని మా అమ్మాయికి చెబితే మొదట నమ్మలేదు.

మునిగేవాడు ముక్కుకు పట్టె తగిలించుకుని, కాలికి రాయి కట్టుకుని, ఒక్క ఊపిరితో అడుగుకు దిగేవాడు. పైన పడవలో మరొక మనిషి తాడు పట్టుకుని ఉండేవాడు. కింద నుండి తాడు కదలగానే పైకి లాగడం అతని పని. అతని చేతిలో ఏమరపాటు కలిగితే కిందివాడి ప్రాణానికే ముప్పు. ఇలా రోజంతా తెచ్చిన చిప్పలను పడవ మీద ఒకే కుప్పగా పోసి, మరునాటి ఉదయం నాయకుడి ఎదుట అందరూ కూర్చుని తెరిచేవారు. అధికభాగం చిప్పల్లో ఏమీ ఉండేది కాదు. దొరికిన ముత్యం ఎవరు తెచ్చిన చిప్పలోనిదో తెలిసే వీలూ లేదు. వర్తకులు ఆ ముత్యాలను వేరువేరు రంధ్రాలున్న జల్లెడలలో పోసి పరిమాణాన్ని బట్టి విడదీసేవారు. చివరి జల్లెడ నుండి కూడా జారిపోయిన ఆవగింజంత ముత్యాలను ఎవరూ పారవేయలేదు. వాటికీ తూకం ఉండేది, వాటికీ కొనేవారుండేవారు.

ఆ జీవితం అందమైనదని చెప్పడం నా ఉద్దేశం కాదు. మునిగేవారిలో చాలామంది పడవ నాయకులకు తీరని అప్పులతో బతికారు. జపాను సాగు ముత్యాలు, 1929 తరువాతి ఆర్థిక మాంద్యం ఆ వృత్తిని కుంగదీశాయి. 1932లో నూనె బయటపడడంతో దీవి దారి మారింది. కాని ఆ కుప్ప సంగతి విన్నప్పుడు అమ్మాయి నన్ను ఒక ప్రశ్న అడిగింది: "ఎవరి చిప్పలో దొరికిందో తెలియకపోతే ఎవరు సంతోషించాలి అమ్మా? అందరూనా?"

నేను వెంటనే బదులు చెప్పలేకపోయాను. ఇంటికి వచ్చే దారిలో వంతెన మీద ఆ ప్రశ్న నన్ను వదలలేదు. నా వడియాల వ్యాసం ఎవరి చిప్ప? డాబా మా అమ్మమ్మది. మాటలు ఆవిడ నోటి నుండి విన్నవి. రాసే వేళ పిల్లను చూసుకున్నది మా వారు. తప్పులు దిద్దినవారు ఒకరు, అచ్చు వేసినవారు ఇంకొకరు. చివరికి చదివి తన తల్లిని తలచుకున్నది ఆ మామ్మగారు. తాడు పట్టుకున్న చేతులు ఇన్ని ఉండగా, "అందులో ఏముంది?" అని ఒక్క మాటతో కొట్టివేసే అధికారం నాకెక్కడిది? అది నా ఒక్కదాని సొత్తు అయితే కదా, నేను తక్కువ చేసి మాట్లాడడానికి! నా వినయం అడుగున ఒక సూక్ష్మమైన అహంకారం ఉన్నదని అప్పుడు తెలిసింది. విజయమంతా నాదే అనుకున్నాను కనుకనే దానిని తోసివేసే హక్కు కూడా నాదే అనుకున్నాను.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. ఫలం మీద ఆశ లేకుండా కర్మ చేయమని గీత బోధించింది కదా, మరి ఫలాన్ని ఆస్వాదించమనడం ఆ బోధకు విరుద్ధం కాదా? ఆలోచిస్తే విరోధం కనబడదు. ఫలం మీద ఆశ పనికి ముందు పుట్టేది. మెప్పు కోసమే రాస్తే, మెప్పు రాని నాడు కలం ఆగిపోతుంది. కాని ఫలం వచ్చిన తరువాత దానిని ఎలా అందుకోవాలన్నది మరొక ప్రశ్న. దానికి మన పెద్దలు చెప్పిన మాట ప్రసాదబుద్ధి. వచ్చినదానిని కూలిగా లెక్కకట్టకుండా ప్రసాదంగా అందుకోవడం.

గుడిలో మనం రోజూ చేస్తున్నదే ఇది. అర్చకులు చేతిలో పెట్టే పులిహోర పిడికెడైనా ఉండదు. ఇంతేనా అని ఎవరూ అడగరు. నాకెందుకులెండి అని ఎవరూ వెనక్కు నెట్టరు. కుడిచేయి చాచి, ఎడమచేయి కింద పట్టి అందుకుంటాం. కళ్ళకద్దుకుని నోట వేసుకుంటాం. ఇంటి దగ్గర ఉన్నవారి కోసం కొంచెం మూట కట్టుకుంటాం. రుచి చూడకుండా దాచిపెట్టినా, ఎవరికెక్కువ వచ్చిందని పోల్చుకున్నా అది ప్రసాదం పట్ల అపచారమే. పాఠకుడి మంచిమాటను కూడా ఇలా అందుకోవచ్చునని నాకు అనిపిస్తున్నది.

పోతన మహాకవి తాను పలుకుతున్నది భాగవతమనీ, పలికిస్తున్నవాడు రాముడనీ చెప్పుకున్నారు. ఆ కృతిని రాజులకు కాక రామునికే అంకితం చేశారు. అయినా, పలికించినవాడు వేరొకడు కదా అని ఆయన తన పద్యాన్ని చిన్నబుచ్చలేదు. తనది కాదనుకున్నందువల్లనే అంత శ్రద్ధగా, అంత ఆనందంగా పలికారేమో! కర్తృత్వం విడిచిపెట్టడానికీ, ఆనందం విడిచిపెట్టడానికీ ఉన్న దూరం ఆయన భాగవతంలో కనిపిస్తుంది.

ఇక మాత్సర్యం మాట. నా వ్యాసం తిరిగివచ్చిన వారమే, నాతో పాటు రాయడం మొదలుపెట్టిన ఒక స్నేహితురాలి కథ అచ్చయింది. ఫోనులో అభినందనలు వరుసగా వస్తూ ఉంటే, నేను కూడా రెండు పువ్వుల బొమ్మలు పంపి ఫోను పక్కన పెట్టేశాను. కథ చదవలేదు. చదవడానికి మూడు రోజులు పట్టింది. చదివాక అది బాగున్నదని ఒప్పుకోవడానికి మరొక రోజు. మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్ష అనే నాలుగు భావనలు మనసును ప్రసన్నం చేస్తాయని పతంజలి యోగసూత్రాలు చెబుతాయి. వాటిలో ముదిత అంటే ఇతరుల మంచికి సంతోషించడం. అది నాకెందుకు అంత కష్టమైందని ఆలోచిస్తే ఒక సంగతి తోచింది. నా చిన్న సంతోషాన్ని నేను ఏనాడూ కడుపునిండా అనుభవించలేదు. ఆకలిగా ఉన్నవారికి పక్కవారి విస్తరి మీదనే చూపు పోతుంది. తన పిడికెడు ప్రసాదాన్ని రుచి చూసినవారికి మరొకరి చేతిలోనిది చూసి నవ్వడం కొంత సులభమవుతుంది.

కనుక నాకు నేను కొన్ని చిన్న నియమాలు పెట్టుకున్నాను. ఎవరైనా బాగుందంటే ముందు "సంతోషమండీ" అని ఆగాలి. వారికి ఏది నచ్చిందో, ఎందుకు నచ్చిందో అడగాలి. ఆ సమాధానంలో వారి కథ ఒకటి ఉంటుంది. ఆ నాటి తారీఖు వేసి పుస్తకంలో ఒక్క వాక్యం రాసుకోవాలి. తాడు పట్టుకున్నవారిలో ఒకరికైనా ఆ మాట చేరవేయాలి. మరునాడు ఉదయం మళ్ళీ రాయడానికి కూర్చోవాలి. ఈ చివరి నియమం తప్పిననాడు మాత్రమే నన్ను అల్పసంతోషి అని నిందించవచ్చు.

పరాయి దేశంలో తెలుగు నేర్చుకుంటున్న పిల్లలకు వచ్చే విజయాలన్నీ ఈ కొలతవే. ల, ళ తేడా పలకడం, వత్తు సరిగ్గా కింద పడడం, ఫోనులో తాతగారికి ఒక పూర్తి వాక్యం తడబడకుండా చెప్పడం. అవి చివరి జల్లెడలో నుండి జారే ముత్యాలు. వాటిని పారవేస్తే పెద్దవి ఎక్కడి నుండో వస్తాయనుకోవడానికి వీలు లేదు.

మామ్మగారు ఎండలు ముదరకముందే బందరు వెళ్ళిపోతారని తెలిసి, ఆ ముందు శుక్రవారం వెతుక్కుంటూ వెళ్ళి కలిశాను. "ఆ రోజు మీరు చెప్పబోయిన మాట నేను విననే లేదు మామ్మగారూ. మీ అమ్మగారి డాబా సంగతి చెప్పరా?" అని అడిగాను. ఆవిడ గుడి గట్టు మీద కూర్చుని అరగంట చెప్పారు. పిండి రుబ్బే రోజు తెల్లవారుజామునే లేవడం, తడిపాత మీద వడియం పెట్టడం, ఒక ఏడు అకాల వర్షానికి అంతా కరిగిపోతే వాళ్ళ అమ్మ ఏడవకుండా నవ్వడం. "ఇక్కడి ఎండకయితే ఒక్క పూటలో ఎండిపోయేవమ్మా" అని ముగించారు.

ఆ రాత్రి మా అమ్మాయి మూసిన పుస్తకం తెరిచి, తాను విన్నది ఏడు వాక్యాలలో రాసింది. రాసి, ఈసారి తానే తెచ్చి నా చేతిలో పెట్టింది. వడియాలు అన్న మాటను మూడు చోట్ల 'వడియలు' అని రాసింది. నాకు నాలుక చివరి దాకా వచ్చింది. దీర్ఘం సంగతి రేపు చూసుకోవచ్చుననుకుని, నవ్వినావిడ భాగం నీకెందుకు నచ్చిందని అడిగాను. అది నిద్రపోయే వేళ దాటేదాకా చెబుతూనే ఉన్నది.